పట్టిందల్లా బంగారమేనా? బేస్‌బాల్ పిచర్ల ఊపు వెనక లెక్కలు

1988 సెప్టెంబర్ 28న శాన్‌డియెగోలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ ఓరెల్ హెర్షైజర్ పదో ఇన్నింగ్స్ కూడా పరుగు ఇవ్వకుండా ముగించాడు. ఆ వరుస ఆగస్టు 30న మాంట్రియల్ మీద మొదలైంది. ఆ రోజు చివరి 4 ఇన్నింగ్స్, తర్వాత తొమ్మిదేసి ఇన్నింగ్స్ చొప్పున అయిదు పూర్తి మ్యాచ్‌లు, చివరికి ఈ 10. మొత్తం 59 ఇన్నింగ్స్, ఒక్క పరుగు లేదు. 20 ఏళ్లుగా డాన్ డ్రైస్‌డేల్ పేరు మీదున్న 58 ఇన్నింగ్స్ రికార్డు చెరిగిపోయింది. డ్రైస్‌డేల్ ఆ ఏడాదే డాడ్జర్స్ కామెంటరీ బృందంలో చేరాడు కాబట్టి తన రికార్డు పోవడాన్ని దగ్గరుండి చూసే యోగం కూడా పట్టింది.

బేస్‌బాల్ పెద్దగా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి విసిరేవాడు పిచర్. బ్యాటర్ మైదానంలోని మూడు బేస్‌లూ (మజిలీలు) చుట్టి బయల్దేరిన చోటికి, అంటే ‘ఇంటికి’, తిరిగొస్తే ఒక పరుగు. ముగ్గురు బ్యాటర్లు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది, ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, స్కోరు సమమైతే ఆట పొడిగిస్తారు. పరుగు రాని ఇన్నింగ్స్ అంటే మన మెయిడెన్ ఓవర్ లాంటిది, కాకపోతే అంత అరుదేమీ కాదు. ఇక్కడ దాన్ని సున్నా ఇన్నింగ్స్ అందాం.

అలాంటి నెల చూసినప్పుడు ఎవరైనా ఏమంటారు? ‘మంచి ఊపు మీదున్నాడు, పట్టిందల్లా బంగారమే’ అంటారు. ఈ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఫలితాలు వరుసగా బాగా వచ్చాయన్నది. దాన్ని ఎవరూ కాదనరు, స్కోరు బోర్డే సాక్ష్యం. రెండోది, ఆ నెల రోజులు అతను తన మామూలు స్థాయి కంటే మెరుగైన పిచర్‌గా మారిపోయాడన్నది. గణాంకాలవాళ్ల తగవంతా ఈ రెండో దాని మీదే. ఎందుకంటే స్థాయి కాస్త కూడా మారకపోయినా వరుసలు వస్తాయి. నాణెం ఎగరేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అయిదారుసార్లు వరుసగా బొమ్మ పడుతుంది. అప్పుడు నాణెం ఊపు మీదుందని ఎవరూ అనరు.

కాబట్టి ముందు అడగాల్సింది ఇది: ఊపు అన్నదే లేదనుకుంటే, ఉత్త నైపుణ్యమూ అదృష్టమూ కలిసి ఇంత పొడవు వరుస ఇవ్వగలవా?

అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో సుమారు 70 నుంచి 73 శాతం ఇన్నింగ్స్‌లో పరుగు రాదు. మంచి పిచర్‌కు ఆ శాతం ఇంకా ఎక్కువ. హెర్షైజర్ ఆ ఏడాది 23 మ్యాచ్‌లు గెలిచాడు, సగటున 9 ఇన్నింగ్స్‌కు 2.26 పరుగులే ఇచ్చాడు. అతని ఒక్కో ఇన్నింగ్స్ సున్నాగా ముగిసే అవకాశం 80 శాతం అనుకుందాం. అలాంటివి 59 వరుసగా రావాలంటే 0.80ని 59 సార్లు గుణించాలి. వచ్చే జవాబు సుమారు 5.2 లక్షల్లో ఒకటి. దాదాపు అసాధ్యమే అనిపిస్తుంది. ఆగండి, ఆ 80ని కాస్త కదిలించి చూడండి. 75 శాతమైతే అవకాశం 2.3 కోట్లలో ఒకటికి పడిపోతుంది. 85 అయితే 14,600లో ఒకటి. 90 అయితే 500లో ఒకటి. మొదట్లో మనం వేసుకున్న ఊహ అయిదు శాతం అటూ ఇటూ అయితే జవాబు పదుల రెట్లు మారిపోతోంది. ‘ఇది కోటికి ఒక్కసారి జరిగే అద్భుతం’ అని టీవీలో ఎవరైనా చెప్పినప్పుడు, ఆ కోటి ఏ ఊహ నుంచి వచ్చిందో అడగకుండా నమ్మకూడదు.

ఇంకో తిరకాసు ఉంది. ఆ లెక్క ‘ఫలానా పిచర్, ఫలానా ఆగస్టు 30 నుంచి’ అని ముందే వేలు పెట్టి చూపిస్తేనే చెల్లుతుంది. మనమేమో వరుస అయిపోయాక వెనక్కి తిరిగి చూసి, అది మొదలైన చోటునుంచే లెక్క పెడుతున్నాం. సరిగ్గా అడగాలంటే ఇలా అడగాలి: ఇన్నేళ్లలో, ఇంతమంది పిచర్లలో, ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇంత పొడవు వరుస రావడానికి ఎంత అవకాశం?

ఈ లెక్క అంత కష్టమేం కాదు. ఈ రోజుల్లో సీజన్‌కు 30 జట్లు, జట్టుకు 162 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 9 ఇన్నింగ్స్. మొత్తం సుమారు 43,740. పిచర్లందరూ ఒకే సరుకనీ, ఎవరైనా సరే 72 శాతం సున్నాలు వేస్తారనీ అనుకుని వాటన్నిటినీ ఒకే తాడుగా పేనితే, అందులో ఎక్కడో ఒకచోట 28, 29 సున్నాల వరుస కనబడాలి. అంటే ఏ ప్రత్యేకతా లేని పిచర్లతో, ఏ ఊపూ లేకుండా, ఒక్క సీజన్‌లోనే పేపర్లో హెడ్డింగ్ పెట్టదగ్గ వరుస తయారైపోతుంది. వందేళ్లు పైబడిన చరిత్రను సుమారు 30 లక్షల ఇన్నింగ్స్ కింద లెక్క కడితే, అత్యంత పొడవైన వరుస 41, 42 దగ్గర ఉండాలి.

అసలు చరిత్రలో ఉన్నవేమో 59, 58, ఆపైన 1913లో వాల్టర్ జాన్సన్ వేసిన 55కు పైచిలుకు. 42కూ 59కీ మధ్య తేడా ఎక్కడిది? చాలామంది ఇక్కడే ఊపును లోపలికి పిలిచేస్తారు. నాకైతే ఇంకా అవసరం కనబడదు. పిచర్లందరూ ఒకే సరుకు కాదు కదా. ఆ 30 లక్షల్లో పదో వంతు ఇన్నింగ్స్ మేటి పిచర్లవనుకుని, వాళ్లకు 82 శాతం ఇవ్వండి. అప్పుడు రావలసిన గరిష్ఠ వరుస సుమారు 55కు చేరుతుంది, అది కూడా ఆరేడు అటూ ఇటూ ఊగుతుంది. 59 ఆ ఊగుడు లోపలే ఉంది. పైగా ఈ మూడు రికార్డులూ వచ్చిన సంవత్సరాలు చూడండి. 1913లో ఆటలో పరుగులే తక్కువ. 1968లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 3.42 పరుగులే చేసింది. పిచర్ బాబ్ గిబ్సన్ సగటు 1.12కు దిగింది ఆ ఏడాదే. పిచర్ల పెత్తనం మరీ శ్రుతి మించిందని మరుసటి ఏడాదికి పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. 1987లో మ్యాచ్‌కు 4.72 ఉన్న పరుగులు 1988లో 4.14కు పడిపోయాయి. పరుగులు కరువైన ఏడాది ప్రతి పిచర్ శాతమూ పైకి లేస్తుంది, రికార్డు పుట్టడానికి నేల తయారవుతుంది.

అంపైర్ల చేయి కూడా ఉంది. 1968 మే 31న డ్రైస్‌డేల్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఎవరూ అవుట్ కాకుండానే మూడు బేస్‌లూ నిండి ఉండగా, అతను వేసిన బంతి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు బ్యాటర్ డిక్ డైట్జ్‌కు తగిలింది. రూలు ప్రకారం బ్యాటర్ మొదటి బేస్‌కు వెళ్లాలి, మూడో బేస్ మీదున్నవాడు ఇంటికి రావాలి, పరుగు లెక్కలోకి రావాలి. అంపైర్ హ్యారీ వెండెల్‌స్టెట్ ఒప్పుకోలేదు. డైట్జ్ తప్పుకోవడానికి ప్రయత్నమే చేయలేదన్నాడు. మళ్లీ బ్యాటింగ్ చేయాల్సి వచ్చి డైట్జ్ అవుటయ్యాడు, ఆ ఇన్నింగ్స్ సున్నాగానే ముగిసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1988 సెప్టెంబర్ 23న హెర్షైజర్‌కూ అలాంటిదే ఎదురైంది. మళ్లీ జెయింట్సే. మూడో ఇన్నింగ్స్‌లో మూడో బేస్ నుంచి రన్నర్ ఇంటికి వచ్చేశాడు. కానీ రెండో బేస్ దగ్గర బ్రెట్ బట్లర్ ఫీల్డర్‌కు అడ్డుపడ్డాడని అంపైర్ పాల్ రంజీ తేల్చడంతో ఇన్నింగ్స్ అక్కడే ముగిసి పరుగు చెల్లకుండా పోయింది. ఆ ఒక్క నిర్ణయం వేరేగా ఉంటే హెర్షైజర్ 42 దగ్గరే ఆగిపోయేవాడు. డ్రైస్‌డేల్ 44 దగ్గర.

ఈ రెండు సంగతులనూ వాళ్ల గొప్పతనం తగ్గించడానికి చెప్పడం లేదు. వరుస అనేది ఎంత పెళుసు కొలమానమో ఇందులో కనబడుతోంది. ఒక్క పరుగు పడితే మొత్తం మళ్లీ సున్నా నుంచి మొదలు. 42 తర్వాత ఒక పరుగిచ్చి, ఆ తర్వాత మళ్లీ 17 సున్నాలు వేసినవాడు 59 వేసినవాడి కంటే నిజానికి ఎంత తక్కువ? దాదాపు ఏమీ తక్కువ కాదు. రికార్డుల పుస్తకానికి మాత్రం ఇద్దరికీ హస్తిమశకాంతరం.

ఇప్పుడు ఊపును నేరుగా వెతికే పద్ధతి సంగతి. అందరికీ తట్టేది ఇదే: మూడు సున్నాలు వేసిన తర్వాత నాలుగోది కూడా సున్నా అయ్యే శాతం ఎంతో చూడటం, దాన్ని అతని మామూలు శాతంతో పోల్చడం. ఎక్కువుంటే ఊపు ఉన్నట్టు, సమానంగా ఉంటే లేనట్టు. 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వాలోన్, ఏమోస్ ట్వెర్‌స్కీ బాస్కెట్‌బాల్‌లో ఈ పనే చేసి ఊపు కనబడలేదన్నారు. అభిమానులు చూసే ఊపు వాళ్ల కళ్లు చేసే మాయేనని తేల్చారు. దాదాపు ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పుకున్నాం. ఆ కొలతలోనే ఒక చిల్లు ఉందని జాషువా మిల్లర్, ఆడమ్ సంజుర్జో చూపించారు. వాళ్ల పేపర్ 2018లో అచ్చయింది.

ఆ చిల్లు నమ్మబుద్ధి కాదు, అందుకే చేతిలో పెట్టుకుని చూడాలి. నాణెం మూడుసార్లు ఎగరేస్తే వచ్చే వరుసలు ఎనిమిది. బొమ్మను ‘బొ’ అనీ బొరుసును ‘రు’ అనీ రాద్దాం. ఒక్కో వరుసలో, బొమ్మ పడ్డ వెంటనే మళ్లీ బొమ్మ పడ్డ శాతం ఎంతో చూద్దాం. బొ-బొ-బొలో వంద. బొ-బొ-రులో యాభై, ఎందుకంటే మొదటి బొమ్మ తర్వాత బొమ్మే పడింది, రెండో దాని తర్వాత బొరుసు. బొ-రు-బొలో సున్నా. బొ-రు-రులో సున్నా. రు-బొ-బొలో వంద. రు-బొ-రులో సున్నా. మిగిలిన రెండు, అంటే రు-రు-బొ, రు-రు-రు, లెక్కలోకే రావు, ఎందుకంటే వాటిలో బొమ్మ తర్వాత ఇంకో ఎగరవేతే లేదు. ఇప్పుడు ఆరు శాతాల సగటు తీయండి. 250ని 6తో భాగిస్తే 41.7. సగానికి సగం పడే నాణెమే, ఏ మోసమూ లేదు, అయినా సగటు 50 రాలేదు!

దీని అర్థం నాణెం మారిందని కాదు. మొత్తం ఎగరవేతలన్నీ ఒకే కుప్పలో పోసి లెక్కపెడితే 50 వస్తుంది. ఒక్కో చిన్న వరుసకు విడిగా శాతం కట్టి, తర్వాత ఆ శాతాల సగటు తీసినప్పుడే కిందికి లాగుతుంది. ఆటగాళ్ల మీద మనం చేసేది సరిగ్గా అదే, ఒక్కొక్కరికీ విడిగా శాతం కట్టడం. కాబట్టి ఒక పిచర్‌కు సున్నాల తర్వాతి శాతం అతని మామూలు శాతంతో సమానంగా వచ్చిందంటే, ఊపు లేదని కాదు, కాస్త ఉన్నట్టే లెక్క. ఈ సవరణ చేసి పాత బాస్కెట్‌బాల్ ప్రయోగాన్నే తిరిగి చూస్తే ఊపు బయటపడింది. ఇన్నాళ్లూ అభిమానులను వెక్కిరించిన ప్రొఫెసర్లకు ఇది కొంచెం ఇబ్బందికరమైన మలుపే.

బేస్‌బాల్‌లో ఈ దారిన పెద్ద ఎత్తున వెళ్లింది బ్రెట్ గ్రీన్, జెఫ్రీ జ్వీబెల్ అనే పరిశోధకులు. 12 సీజన్ల ఆటలో దాదాపు 20 లక్షల సందర్భాలు తీసుకుని, బ్యాటర్లకూ పిచర్లకూ ఈ మధ్య ఆట తీరు తర్వాతి ఫలితాన్ని పట్టిస్తుందా అని చూశారు. పట్టిస్తుందనే తేలింది. వాళ్ల వాదన కూడా బాగుంటుంది. బాస్కెట్‌బాల్‌లో ఒకడు ఊపు మీదుంటే అవతలివాళ్లు ఇద్దరేసి వచ్చి చుట్టుముడతారు, దాంతో ఊపు లెక్కల్లో కనబడకుండా పోతుంది. బేస్‌బాల్‌లో పిచర్‌ను అలా చుట్టుముట్టడం కుదరదు. ఊపు ఉంటే దాచడానికి చోటు తక్కువ.

అయితే ఈ జాతి లెక్కలన్నిటికీ ఒక మెలిక ఉంది. ‘మామూలు స్థాయి’ని ఎక్కడి నుంచి తెస్తున్నాం? అది ఎవరికీ కచ్చితంగా తెలియదు, మిగతా మ్యాచ్‌ల నుంచి అంచనా కట్టాలి. ఆ అంచనా కాస్త తక్కువగా కడితే ప్రతి మంచి వారమూ ఊపులా కనబడుతుంది, ఎక్కువగా కడితే ఉన్న ఊపు కూడా మాయమవుతుంది. పిచర్ల విషయంలో ఇది మరీ తంటా. స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అయిదు రోజులకోసారి వస్తాడు. ఈసారి ఎదురుగా గట్టి జట్టు, మైదానం చిన్నది. పైసారి బలహీనమైన జట్టు, మైదానం పెద్దది. ఒకే మ్యాచ్‌లో కూడా, ఒక బ్యాటర్ అదే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పటికి బంతులు అలవాటై బాగా కొడతాడు. ఇవన్నీ తీసేయకుండా వరుసలు చూస్తే, మనకు దొరికేది పిచర్ ఊపు కాదు, మ్యాచ్‌ల షెడ్యూలు.

అంతకంటే ముఖ్యమైనది, పరుగులను కొలవడమే పొరపాటు చోట మొదలుపెట్టడం అని నా అభిప్రాయం. పరుగు పడటానికి పిచర్ ఒక్కడే కారణం కాదు. స్ట్రైక్‌అవుట్ (బంతిని కొట్టలేక బ్యాటర్ అవుటవడం), వాక్ (పిచర్ నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు వెళ్లడం), హోమ్ రన్ (కొట్టిన బంతి మైదానం దాటిపోవడం), ఈ మూడూ తీసేస్తే మిగిలేవి మైదానంలో పడిన బంతులు. వాటిలో ఎన్ని హిట్లవుతాయన్నది, అంటే ఎన్నిటికి బ్యాటర్ అవుటవకుండా బేస్ చేరతాడన్నది, పిచర్ చేతిలో మనం అనుకున్నంత లేదని 2001లో గణాంకాల విశ్లేషకుడు వోరోస్ మెక్‌క్రాకెన్ రాసినప్పుడు బేస్‌బాల్ లోకం మండిపడింది. తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి గానీ అసలు మాట నిలబడింది. అలా పడిన బంతుల్లో లీగ్ మొత్తం మీద సుమారు 30 శాతం హిట్లవుతాయి. ఏ పిచర్‌కైనా అది కొన్ని వారాలు 22కు పడితే అతను దేవుడిలా కనబడతాడు, 38కి లేస్తే పనైపోయినవాడిలా కనబడతాడు.

2015లో చికాగో కబ్స్ పిచర్ జేక్ అరియెటా సీజన్ రెండో సగంలో 9 ఇన్నింగ్స్‌కు సగటున 0.75 పరుగులిచ్చాడు. ఆగస్టు 30న డాడ్జర్స్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. నిజంగానే అద్భుతంగా వేశాడు, అందులో తిరుగు లేదు. కానీ ఆ సీజన్‌లో మైదానంలో పడిన బంతుల్లో హిట్లయినవి దాదాపు 25 శాతమే. మరుసటి ఏడాది అతని సగటు 3.10. అది మంచి పిచర్ సగటే. 0.75 నుంచి 3.10కి వచ్చినంత మాత్రాన ఊపు పోయిందని చెప్పలేం, 0.75 లాంటి సగటు ఎవరికీ ఎక్కువ కాలం నిలవదు.

మరి దేన్ని చూడాలి? పిచర్ చేతి నుంచి నేరుగా వచ్చేవాటిని. బంతి వేగం, తిరుగుడు, పడిన చోటు. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ పరికరాలు మేజర్ లీగ్ మైదానాలన్నిటిలోనూ ప్రతి బంతినీ కొలుస్తున్నాయి. వీటిలో ఫీల్డర్ల పాత్ర లేదు, అంపైర్ పాత్ర లేదు, గాలివాటం చాలా తక్కువ. 2017లో రాబ్ ఆర్థర్, గ్రెగ్ మాథ్యూస్ పిచర్ల ఫాస్ట్‌బాల్ వేగాన్ని తీసుకుని ఊపు కోసం వెతికారు. వాళ్లు వాడిన పద్ధతి పేరు హిడెన్ మార్కోవ్ మోడల్. పేరుకు భయపడనక్కర్లేదు. పిచర్ లోపల మనకు కనబడని స్థితి ఒకటి ఉంటుంది, చేయి బాగున్న రోజులు, మామూలు రోజులు, బరువెక్కిన రోజులు. మనకు కనబడేది వేగం మాత్రమే. వరుసగా వచ్చిన వేగాలను బట్టి, లోపలి స్థితి ఎప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి మారి ఉంటుందో ఈ మోడల్ అంచనా కడుతుంది. అలా చూస్తే పిచర్లు నిజంగానే స్థితులు మారుతుంటారని తేలింది. పరుగుల రొదలో వినబడని సంగతి వేగంలో వినబడింది.

అందుకే ‘ఊపు ఉందా లేదా’ అంటే నా జవాబు, ఉంది గానీ స్కోరు బోర్డు మీద కాదు. పిచర్ పని శరీరంతో చేసేది. భుజం అలుస్తుంది, బంతి పట్టు అర అంగుళం జరుగుతుంది, అడుగు కాస్త ముందుకు పడుతుంది. స్థాయి రోజూ ఒకేలా ఉంటుందనుకోవడమే విడ్డూరం. కానీ ఆ మార్పు చిన్నది, దాని మీద అదృష్టం వేసే అల పెద్దది. ఒకడు వరుసగా నాలుగు మ్యాచ్‌లు చితక్కొట్టించుకుంటే నేను ముందు అతని వేగం చూస్తాను, తర్వాత వాక్‌లు. రెండూ మామూలుగా ఉంటే కంగారు అనవసరం. వేగం గంటకు రెండు మైళ్లు తగ్గి ఉంటే మాత్రం కోచ్‌తో పాటు డాక్టర్ కూడా చూడాలి.

ఇంకో మాట కూడా అనాలనిపిస్తోంది, ఇది లెక్క కన్నా ఊహే ఎక్కువ. మంచి వరుసల్లో కంటే చెడ్డ వరుసల్లోనే నిజం ఎక్కువుంటుంది. ఎంత ఊపు మీదున్నా మనిషి చేయి తన హద్దు దాటి ఎంతో దూరం పోలేదు. కిందికి పడటానికి మాత్రం హద్దు లేదు. పిట్స్‌బర్గ్ పిచర్ స్టీవ్ బ్లాస్ 1972లో 19 మ్యాచ్‌లు గెలిచాడు, సగటు 2.49. ఆ ఏడాది 249 పైచిలుకు ఇన్నింగ్స్‌లో 84 వాక్‌లిచ్చాడు. 1973లోనూ ఇచ్చినవి 84 వాక్‌లే, కాకపోతే 88 పైచిలుకు ఇన్నింగ్స్‌లోనే. సగటు 9.85కు పేలిపోయింది. వాక్‌లలో ఫీల్డర్ల పాపం లేదు, పడిన బంతి ఎటు పోయిందన్న అదృష్టం లేదు. మూడు ఇన్నింగ్స్‌కు ఒక వాక్ చొప్పున ఇచ్చేవాడు మరుసటి ఏడాదికి ఇన్నింగ్స్‌కు దాదాపు ఒకటి ఇవ్వడం ఏ నాణెమూ చేయలేని పని. చేతికి గాయం లేదు, ఎవరికీ కారణం అంతుపట్టలేదు. 1974లో మేజర్ లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు, మళ్లీ ఆడలేదు. ఉన్నట్టుండి బంతి మీద అదుపు పోయిన పిచర్‌కు బేస్‌బాల్‌లో ఇప్పటికీ స్టీవ్ బ్లాస్ జబ్బు పట్టిందనే అంటారు.